గడియారంలో చెరకు తొక్క

ఆ రోజుల్లో నాకు వచ్చిన కోపాలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయో నాకే తెలియదు. చాలావరకు బీపీ మాత్రలుగా మారి, పొద్దుటి చాయ్‌కి ముందు ఒకటి చొప్పున లోపలికి పోతున్నట్టున్నాయి. కానీ ఒక్క కోపం మాత్రం అప్పుడెంత వేడిగా ఉందో ఇప్పుడూ అంతే వేడిగా ఉంది. మా అక్క మొగుడు, అంటే మా బావ, గుమ్మంలో చెప్పులు విప్పుతున్న చప్పుడు వినబడితే చాలు, లోపల అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోతుంది. పాపం, ముసలివాడైపోయాడు, మోకాళ్లు పట్టుకుని వస్తాడు. నేనే చాయ్ పెట్టి ఇస్తాను, చక్కెర కూడా వేస్తాను. అయినా చెబుతున్నాను, ఆయన చేసిన ఆ పనిని నేను క్షమించలేదు. (మధ్యలో నేను గొంతు పెంచితే మీరు ఏమీ అనుకోకండి. మిమ్మల్ని కాదు.)

అప్పట్లో నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ పోయే దారిలో, మా బాపుకు గడియారాల రిపేరు దుకాణం ఉండేది. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకు షట్టరు, ఒక అద్దాల బల్ల, ఒక్కొక్కటి ఒక్కో టైము చూపించే గోడగడియారాలు, యేసుప్రభువు పటం ఉన్న క్యాలెండరు, అంతే. బాపుకు చూపు మసకబారడం మొదలయ్యాక, ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి, కంటికి పెట్టుకునే భూతద్దం నా చేతిలో పెట్టాడు. వచ్చినవాళ్లు నన్ను చూసి "పెద్దమనిషి లేడా బిడ్డా?" అని అడిగేవారు. "ఉన్నడు. ఆయనకు కండ్లు కనవడ్తలేవు, నాకు కనవడ్తున్నయి, ఇయ్యుండ్రి," అనేదాన్ని. ఆ జవాబు చెప్పే తీరుకే నాకు మిర్పకాయ అని పేరు పడింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు కోపం గురించి ప్రసంగం చేస్తే మా మెథడిస్టు జనమంతా మెడలు తిప్పి నా వైపే చూసేవారు. దాంతో ఇంకా కోపం వచ్చేది.

అలాంటి దుకాణంలోకి ఒకరోజు మా బావ భుజాన రెండు సంచులతో దిగాడు. ఆయనది నవీపేట్. అప్పటికే పసుపు బేరం చేశాడు, సైకిళ్లు కిరాయికి ఇచ్చాడు, కోళ్లు పెంచాడు (కోళ్ల ముచ్చట మా అక్క ముందు ఇప్పటికీ ఎత్తకూడదు). ఈసారి బొంబాయి పోయి, అక్కడి పాత సామాన్ల బజారు నుంచి గడియారాలు తెచ్చానన్నాడు. తీరా చూస్తే అవి గడియారాలు కావు. ఒక సంచిలో అన్నీ మిషన్లు, అంటే లోపల తిరిగే యంత్రాలు. ఇంకో సంచిలో అన్నీ కేసులు, అంటే ఆ యంత్రాలు కూర్చునే లోహపు ఇళ్లు. అన్నీ వెనకటి రెండు బటన్ల గడియారాలవి. మామూలుగా టైము చూపిస్తూనే, పక్కనున్న పై బటన్ నొక్కితే ఒక పొడుగాటి ముల్లు ఉరకడం మొదలుపెడుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది, కింది బటన్ నొక్కితే తిరిగి మొదటికి వస్తుంది. చేతి గడియారంలోనే స్టాప్‌వాచ్ అన్నమాట. "బొంబాయిల షోకు జేసేటోళ్లంత గివ్వే పెట్టుకుంటున్నరు. మన బోధన్ దిక్కు చెరుకు పటేండ్లు సూస్తే ఎగవడి కొంటరు," అన్నాడు బావ. "మనం జేసేదేముంది? గీ సంచిలది తీసి గా సంచిలదాంట్ల పెట్టుడే."

ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ సంచిలోది తీసి ఆ సంచిలోదాంట్లో పెట్టడమేనట! వెడల్పు సరిపోతే ఎత్తు సరిపోదు. ఎత్తు సరిపోతే చావి తిప్పే పుల్ల దూరే రంధ్రాలు ఎదురెదురుగా రావు. అవీ కుదిరాయనుకుంటే, ఈ జాతి గడియారంలో ముళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి కాబట్టి పై ముల్లు అద్దానికి రాసుకుంటుంది. అన్నీ కుదిరాక అసలు తంటా బటన్లది. బటన్ నొక్కినప్పుడు దాని మొన మిషన్‌లో ఉన్న చిన్న మీట మీద సూటిగా పడాలి. కాస్త పైన పడితే జారిపోతుంది, కాస్త పక్కన పడితే మీట వంగిపోతుంది. నేను బటన్లు ఊడదీసి, ఆ ఖాళీ రంధ్రానికి కన్ను ఆనించి చూసేదాన్ని. మీట నడిమధ్యన కనిపిస్తే జత కుదిరినట్టు, ఓరగా కనిపిస్తే పక్కన పెట్టేయడమే. ఇక కేసు పెద్దదై మిషన్ చిన్నదైతే, చుట్టూ మిగిలిన సందులో గట్టి ఇత్తడి కట్టు వేయాలి. లేకపోతే బటన్ నొక్కినప్పుడు మీట కదలడం మాని మిషనే అవతలికి జరుగుతుంది. ఇదంతా బావకు ఎన్నిసార్లు చెప్పానో! అన్నిటికీ ఆయనది ఒకటే మాట. "కూసుంటది తియ్ మర్దలా. కొత్త కోడలు మాత్రం వచ్చిన్నాడే కూసుంటదా? రెండు దినాలైతే అదే సదురుకుంటది."

ఆ 'కూసుంటది తియ్' మీదే ఆయన జీవితమంతా నడిచింది. తలుపు చట్రానికి పట్టకపోతే కూసుంటది తియ్. చెప్పు కాలిని కొరికితే కూసుంటది తియ్. మా అక్క అలిగి మూట కట్టుకుని పుట్టింటికి వస్తే, గడపలో నిలబడి మా అవ్వతో (మా ఇంట్లో అమ్మను అవ్వ అనే అంటాం) అదే మాట. బాపు మెత్తని మనిషి, అల్లుణ్ణి పల్లెత్తు మాట అనడు. "బిడ్డా, జత గూర్చుడు నీ పని. నీ కన్ను ఒప్పుకోనిది దుకాణం దాటొద్దు," అని నాకు చెప్పి, అల్లుడికి చాయ్ తెప్పించాడు. ఏ గడియారమైనా బయటికి పోయే ముందు మా ఇంట్లో ఎవరో ఒకరి చేతికి కొన్నాళ్లు తిరగాలి, అది బాపు పెట్టుకున్న కట్టడి. బావ దృష్టిలో అదంతా పనికిమాలిన ఆలస్యం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చెల్లె చదివే బడి డ్రిల్లు సారు దుకాణానికి వచ్చాడు. బడి స్టాప్‌వాచ్ స్ప్రింగు తెగిపోయింది, ఆ స్ప్రింగు మా దగ్గర లేదు, హైదరాబాద్ నుంచి తెప్పించాలి. ఇటు చూస్తే బోధన్‌లో స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లు దగ్గరికొచ్చాయి. పరుగుపందెంలో టైము చూసే బాధ్యత ఈ సారుదే. మీకు ఇక్కడే మా చెల్లె సంగతి చెప్పాలి. దానికి పుస్తకం పట్టుకుంటే నిద్ర, రోడ్డు కనిపిస్తే ఉరుకుడు. పాలకు పంపితే పాలు ఒలకకుండా ఉరికి వచ్చేది. హైదరాబాద్ హాస్టల్‌లో సీటు వస్తే చదువు, తిండి, పరుగు అన్నీ వాళ్లే చూసుకుంటారు. రాకపోతే ఇంటి దగ్గర అక్కలా బీడీలు చుట్టడమే, ఆ మాట అవ్వ అప్పటికే అనేసింది. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు వాళ్లు చెప్పిన టైములోపల ఉరకాలి. ఎవరు ముందు వచ్చారన్నది లెక్క కాదు, టైమే లెక్క. చెల్లె ఆ టైములోపల ఉరకగలదని సారుకు గట్టి నమ్మకం. "నాకు సేతికి పెట్టుకునేది అయితే మంచిగుంటదమ్మా. ఒక సేతుల జెండా, నోట్ల ఈల. స్టాప్‌వాచ్ ఏడ పట్టుకోవాలె?" అన్నాడు. మా చెల్లె పరుగును నేను కుదిర్చిన గడియారం చూస్తుందంటే నాకు ఎంత గర్వం వచ్చిందో చెప్పలేను.

ఆ రెండు సంచులనూ బల్ల మీద బోర్లించి జత వెతికాను. చివరికి గీతలు పడిన ఒక పాత స్టీలు కేసు దొరికింది, చూడ్డానికి ముష్టివాడి చిప్పలా ఉంది. కానీ బటన్ రంధ్రంలోంచి చూస్తే లోపల మీట నడిమధ్యన, నన్నే చూస్తున్నట్టుగా కనిపించింది. కొలిచినట్టు సరిపోయింది, ఇత్తడి కట్టు కూడా అక్కర్లేకపోయింది. ఆ గడియారాన్ని నేనే కొన్నాళ్లు చేతికి పెట్టుకున్నాను. తెల్లవారుజామున కంఠేశ్వర్ రోడ్డు మీద చెల్లె ఉరుకుతుంటే, రోడ్డు మూల మీద నిలబడి బటన్ నొక్కడం, ఆపడం. ఉరికి వచ్చి ఆయాసపడుతూ నా మణికట్టు పట్టుకుని డయల్ చూసుకునేది. "అక్కా, దీన్ని నమ్మొచ్చా?" అంటే, "నన్ను నమ్మినట్టే నమ్ము," అన్నాను. ప్రతిసారీ సారు చెప్పిన టైములోపలే వచ్చేది.

సెలక్షన్లకు ముందురోజు మెండోరలో మా మేనమామ కూతురి పెళ్లి. అందరం పోయాం, బావ ఒక్కడు దుకాణం చూసుకుంటానన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. సారు వస్తే ఇవ్వమని గడియారాన్ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి పోయాను. తర్వాత తెలిసిన సంగతి ఇది. సారు వచ్చాడు, ఆ గీతల కేసు చూసి కాస్త మొహం చిన్నబుచ్చుకున్నాడు. హైదరాబాద్ నుంచి సెలక్షన్లు చేసే పెద్ద మేడం వస్తుంది కదా, ఆమె ముందు ఈ చిప్ప పెట్టుకోవాలా అని. అంతే, మా బావ సంచిలో చెయ్యి పెట్టి బంగారు నీళ్లు పూసిన ఒక పెద్ద కేసు తీశాడు. సారు కళ్లు మెరిశాయి. నేను జత కుదిర్చిన మిషన్‌ను స్టీలు కేసు నుంచి పీకి, ఆ బంగారు కేసులో పెట్టాడు. అది ఈ మిషన్‌కు బాగా వదులు. మరి ఆ సందులో ఏం వేశాడనుకున్నారు? ఇత్తడి కట్టు చేయడం ఆయనకు వస్తేగా! జేబులో మా అక్క బీడీ కట్టలకు అంటించే రంగు కాగితాలు ఉన్నాయట. అవి మడిచి, చుట్టూ కుక్కి, మూత వేశాడు. రెండుసార్లు నొక్కి చూశాడు, ముల్లు ఉరికింది, ఆగింది. ఇంకేం, కూసున్నది తియ్ అన్నాడు.

మర్నాడు నేను, చెల్లె, మమ్మల్ని దిగబెట్టడానికని వెంట వచ్చిన బావ, ముగ్గురం బోధన్ బస్సు దిగాం. చక్కెర ఫ్యాక్టరీ సీజన్ చివరి రోజులు. గాలి నిండా పాకం వాసన, రోడ్డు పొడవునా చెరకు ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి. మేం పోయేసరికి మొదటి పరుగు ఆడపిల్లలదేనని మైకులో పిలుస్తున్నారు. చెల్లె అలాగే సంచి నా మీద పడేసి గీత దగ్గరికి ఉరికింది. నేను సారు కోసం చూస్తే, గ్రౌండు అవతలి నుంచి ఆయన మణికట్టు మీద ఏదో తళుక్కుమంది. నేను ఇచ్చినది తళుక్కుమనే గడియారం కాదే! "బావా, గదేంది?" అన్నాను. బావ మురిసిపోతూ చెప్పాడు, పూస గుచ్చినట్టు అంతా చెప్పాడు, బీడీ కాగితాలతో సహా. "సార్! ఆగుండ్రి! సార్!" అని అరుస్తూ నేను ఉరకబోతే, "కూసున్నది తియ్, నేను నొక్కి సూసిన," అని నా చున్నీ పట్టుకుని లాగాడు. ఈల మోగింది.

చెల్లె ఎలా ఉరికిందో ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. మొదటి రౌండులోనే అందరినీ వెనక వేసింది. రెండో రౌండులో వెనక తిరిగి చూడనేలేదు. గీత దాటి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, నవ్వుతూ సారు వైపు చూసింది. సారు నవ్వడం లేదు. బటన్ నొక్కుతున్నాడు. మళ్లీ నొక్కుతున్నాడు. చెయ్యి విదిలిస్తున్నాడు, చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు, బొటనవేలు ఎర్రబడేలా నొక్కుతూ ఒంటికాలి మీద గెంతుతున్నాడు. "టైం ఎంత సార్?" అని హైదరాబాద్ మేడం కుర్చీలోంచి అడిగింది. "ఇంకా... ఇంకా ఉరుకుతున్నది మేడం," అన్నాడు సారు. పిల్లలందరూ ఉరకడం ముగించారు, ముల్లు మాత్రం ఉరుకుతూనే ఉంది. మేడం చేతికి ఉన్నది ఆడవాళ్ల చిన్న గడియారం, దానికి సెకండ్ల ముల్లే లేదు, ఇంకో స్టాప్‌వాచ్ తెచ్చినవాళ్లూ లేరు. టైము లేకపోతే ఏమీ రాసుకోలేనని, ఎండ కాస్త వాలాక ఈ పిల్లలందరూ మళ్లీ ఉరకాల్సిందేనని ఆమె చెప్పేసింది.

నేను పోయి సారు చేతి నుంచి గడియారం ఊడదీసుకున్నాను (ఊడదీసుకున్నాను అని మర్యాదగా చెబుతున్నాను, గుంజుకున్నాను). "మీ బావ నిన్న మంచిగనే ఆపి సూపిచ్చిండమ్మా!" అని సారు లబలబలాడాడు. చెరకు ముక్కలు అమ్మే ముసలామె దగ్గర చిన్న కత్తి అడిగి వెనక మూత లేపాను. లోపల బీడీ కాగితాలు సారు చెమటకు నాని ముద్దై ఉన్నాయి. మొదటి నొక్కుకు మిషన్ ఆ ముద్దలోకి జరిగి అవతల పడింది, ఇక బటన్ మొన మీటను అందుకుంటే ఒట్టు. నేను ఆ ముద్దను వేలితో తీసి బావ మొహం ముందు పెట్టాను. "సూడు! మంచిగ సూడు! ఇదేనా కూసునుడు? నా చెల్లె నసీబును బీడీ కాగితంల చుట్టినవ్ గదా! గా బంగారు కేసు ఏం జేసుకుంటవ్, మెడల కట్టుకుంటవా?" జిల్లా నలుమూలల నుంచి వచ్చిన డ్రిల్లు సార్లందరూ చుట్టూ నిలబడి విన్నారు. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ చెప్పకూడదు. ఆ స్టీలు కేసు ఏదని అడిగితే, అందులో వేరే మిషన్ ఏదో కుక్కి, నిన్న సాయంత్రమే నవీపేట్ రైతు ఒకాయనకు అంటగట్టానని నేల చూపులు చూశాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

బటన్లు ఉన్నది కుడి పక్కన. తోపు కుడి నుంచి వస్తుంది కాబట్టి, ఎడమ పక్క సందులో ఏదైనా గట్టిది, సన్నది, కేసు గుండ్రానికి వంగేది పెడితే చాలు, మిషన్ జరగదు. ఇత్తడి రేకు ఎక్కడ తేవాలి? కత్తి ఇచ్చిన ముసలామె గంప పక్కన చెక్కిన చెరకు తొక్కలు కుప్పగా పడి ఉన్నాయి. వంచి చూశాను, ఎండకు పెళుసెక్కి పుటుక్కున విరిగిపోయాయి. పచ్చిది కావాలి. "పో బావా, చెరుకు తే," అన్నాను. ఎందుకని అడిగే ధైర్యం లేక ఆయన రోడ్డు మీదికి ఉరికి, కదులుతున్న ట్రాక్టరు నుంచి ఒక గడ గుంజాడు. డ్రైవరు మెడ బయట పెట్టి, "ఓ పెద్దమనిషీ, శరం లేదా? పోరగాండ్ల లెక్క గుంజుతున్నవ్!" అని అందరికీ వినబడేలా తిట్టాడు. నాకు కొంచెం చల్లబడింది. కత్తితో చెక్కితే ముక్కలవుతుంది, పళ్లతో పీకితేనే పొడుగ్గా వస్తుంది. కాబట్టి బావ చేత పళ్లతోనే పీకించాను. ఒక్కో తొక్క చేతికిస్తాడు, నేను సందులో పెట్టి చూస్తాను. "ఇది మందం." పారేస్తాను. "ఇది పలచన." పారేస్తాను. "ఇదేమో కణుపు." గడ సగానికి వచ్చేసరికి ఆయన పెదవి చీరుకుపోయింది. "మర్దలా, గిది కూసుంటది తియ్," అని నోరు జారాడు. నేను చూసిన చూపుకు ఇంకో తొక్క పీకడం మొదలుపెట్టాడు. చివరికి ఒకటి సరిగ్గా పట్టింది. దుమ్ము పడకుండా ఇద్దరు పిల్లలు నా చున్నీ పందిరిలా పట్టుకుంటే, కొసలు కత్తిరించి, లోపలికి దింపి, మూత నొక్కేశాను. బటన్ నొక్కితే ముల్లు ఉరికింది, నొక్కితే ఆగింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే.

చెల్లె ఇదంతా దూరం నుంచి, గోడకు ఆనుకుని చూసింది. దాని కాళ్లు అప్పటికే బిగుసుకుపోయాయి. రెండోసారి కూడా అందరికన్నా ముందు అదే వచ్చింది, కానీ ఆఖరి మలుపులో భుజాలు ఊగడం నాకు కనిపించింది. సారు బటన్ నొక్కాడు, ముల్లు ఠక్కున ఆగింది. ఆయన డయల్ చూసి, సరిచూడమని గడియారం నా చేతికి ఇచ్చాడు. ముల్లు వాళ్లు చెప్పిన గీత దాటింది. ఎంతో కాదు, వెంట్రుకవాసి. బావ నా చెవి దగ్గరికి వచ్చి, "కింది బటన్ నొక్కెయ్. మల్ల ఖరాబైందని చెప్దాం," అని గుసగుసలాడాడు. నిజం చెప్పనా? నా వేలు కింది బటన్ మీదికి పోయింది. అప్పుడే మేడం, "ఈసారి గడియారం కరెక్టుగానే ఉందా అమ్మా?" అని అడిగింది. లోపల ఆ మీట నడిమధ్యన ఉందని నాకు తెలుసు. నా కన్ను ఒప్పుకున్న జత అది. నేను అబద్ధం ఆడితే ఆ బీడీ కాగితం కుక్కిన బావకూ నాకూ తేడా ఏముంటుంది? "కరెక్టే మేడం," అని అరిచాను. ఎవరి మీద అరిచానో నాకే తెలియదు. అంత సరిగ్గా ఆగినందుకు ఆ గడియారాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

మేడం మంచిదే, వచ్చే ఏడు తప్పకుండా రమ్మని చెల్లె వీపు తట్టింది. బస్సులో చెల్లె కిటికీ పక్కన, నేను మధ్యన, బావ చివరన కూర్చున్నాం. వర్ని దారి మలుపు దాటాక చెల్లె ఒక్క మాట అంది. "టైం జెర అటీటు చెప్పరాదా అక్కా?" అంతే, ఇక నాతో మాట్లాడలేదు. బావ పరిస్థితి చక్కదిద్దుదామని, మిగిలిన చెరకు గడ విరిచి మా ఇద్దరికీ ఇవ్వబోయాడు. చెల్లె అది తీసుకుని కిటికీలోంచి విసిరేసింది. సారు గడియారం నాకే తిరిగి ఇచ్చేశాడు, బంగారు కేసు మీద మోజు తీరిందట. తెల్లారి లేచి చూస్తే బల్ల కాలి మీద నుంచి గడియారం దాకా చీమల బారు. బాపు చిమ్టా (సన్నటి పట్టకారు) పట్టుకుని, భూతద్దం పెట్టుకుని, ఒక్కో చీమను తీసి కింద వదిలిపెడుతూ కూర్చున్నాడు. "తొక్క తీసేద్దామా బాపూ?" అంటే, "ఎందుకు బిడ్డా, జత మంచిగ కుదిరింది గదా," అన్నాడు.

ఆ ఏడాది గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే మా ఇద్దరి మధ్య మాటలే లేవు. కానీ రోజూ తెల్లవారుజామున చెల్లె బూట్లు కట్టుకుని గడపలో నిలబడేది. నేను గడియారం పెట్టుకుని వెంట పోయేదాన్ని. ఉరికి వచ్చి, నా మొహం చూడకుండా "ఎంత?" అనేది. నేను చెయ్యి చాపేదాన్ని. డయల్ చూసుకుని, మొహం తిప్పుకుని ఇంటికి పోయేది. ఆ కోపంతోనే అది ఉరికిందని నా నమ్మకం. అడుగు వేస్తే నా నెత్తి మీద వేసినట్టే ఉండేది. మరుసటి ఏడు నిజామాబాద్‌లోనే సెలక్షన్లు జరిగాయి. సారు చేతిలో బాగుచేసిన బడి స్టాప్‌వాచ్, తాడు దగ్గర జనంలో నా చేతికి నా గడియారం. చెల్లె గీత దాటినప్పుడు రెండూ ఒకే మాట చెప్పాయి. ముల్లు వాళ్లు చెప్పిన టైముకు చాలా ఇవతలే ఆగింది. మేడం పేరు రాసుకున్నాక చెల్లె నేరుగా నా దగ్గరికి వచ్చి, నా మణికట్టు పట్టుకుని, ఆ 'ఎంత?' కాకుండా ఏడాది తర్వాత మొదటి మాట మాట్లాడింది. "గా తొక్క మార్చు అక్కా, పాతగైంది." నేను ఆ గ్రౌండులో అందరి ముందూ ఏడ్చాను. కోపంగానే ఏడ్చాను.

చెల్లె ఇప్పుడు వేరే జిల్లాలో పిల్లలకు పరుగు నేర్పుతుంది. బావ వచ్చి చాయ్ తాగినప్పుడల్లా, "నేను గా కేసుల పెట్టకపోతే అది ఏడాదంత గంత పట్టుదలతోని ఉరికేదా?" అంటాడు, అందరూ నవ్వుతారు, నేను నవ్వను. మొన్న చెల్లె ఫోను చేసి, శిష్యురాలిని ఒకదాన్ని తీసుకొస్తున్నాను, అచ్చం నాలాగే ఉరుకుతుంది, ఆ గడియారం తయారుగా పెట్టు అంది. మూత తీసి చూస్తే తొక్క పొడిపొడిగా రాలింది. ఇత్తడి కట్టు వేయొచ్చు, నాకు మనసొప్పలేదు. బోధన్ ఫ్యాక్టరీ మూతబడింది, ట్రాక్టర్ల బారులు లేవు. కంఠేశ్వర్‌లో చెరకు రసం బండి దగ్గర నిలబడ్డాను. "రసమా అమ్మా?" అన్నాడు బండి అబ్బాయి. "కాదు, తొక్క," అన్నాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి బుట్ట ముందుకు తోశాడు. మందం, పలచన, కణుపు, అన్నీ వంక పెడుతూ ఏరాను. ఎండ మాడుతోంది, మోకాళ్లు లాగుతున్నాయి. ఒకటి కాస్త పలచనగా ఉన్నా చేతికి వచ్చింది. సంచిలో వేసుకుంటూ, నాకు తెలియకుండానే నా నోటి నుంచి, "కూసుంటది తియ్," అన్న మాట వచ్చేసింది.

ఎక్కడో ఆ మిర్పకాయ పిల్ల నన్ను చూస్తోందేమోనని వెనక్కి తిరిగి చూసి, ఆ తొక్క పారేసి, మళ్లీ బుట్టలో చెయ్యి పెట్టాను.